గ్యారంటీ కార్డులో ఐదోవాడు

బట్టలుతికే మెషిన్ కొనడానికి వెళ్తే, పెళ్ళిచూపుల్లో కూడా అడగనన్ని ప్రశ్నలు అడిగారు. నా వయసెంత, మా ఆయన ఉద్యోగమేమిటి, ఇల్లు సొంతమా అద్దెదా, టీవీ ఉందా, వేసవిలో సముద్రం ఒడ్డుకు వెళ్తామా. గ్యారంటీ కార్డట! డ్రమ్ము ఆగిపోతే వచ్చి బాగుచేసేవాడికి, మేం సముద్రానికి వెళ్తేనేం, ఇంట్లో ఏడుస్తూ కూర్చుంటేనేం?

"పేరు చెప్పండి పిన్నిగారూ" అన్నాడు టై కట్టుకున్న గుమాస్తా.

"ఉమ్ సుహైల్."

"అసలు పేరు?"

"అదే అసలు పేరు నాయనా. ఇంకోటుండేది, దాన్ని మా అమ్మే మర్చిపోయింది."

మా అలెప్పోలో అంతే. పెద్దకొడుకు పుట్టిన రోజున తల్లిదండ్రుల పేర్లు మూలపడతాయి. నేను సుహైల్ తల్లిని, ఉమ్ సుహైల్‌ని. మా ఆయన సుహైల్ తండ్రి, అబూ సుహైల్. సర్కారు బడిలో లెక్కలు చెబుతాడు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"నలుగురు" అన్నాడు మా ఆయన.

"ఐదుగురు" అన్నాను నేను.

బల్ల కింద మా ఆయన నా కాలు తొక్కాడు. తొక్కితే తొక్కాడు. నేను కాలు తియ్యలేదు, మాటా వెనక్కి తీసుకోలేదు.

గుమాస్తా నవ్వాడు. "లెక్కల మాష్టారింట్లోనే లెక్క తప్పితే ఎలాగండీ?"

"ఐదుగురి బట్టలు ఉతుకుతాను. ఇవాళ నలుగురని రాసుకుని, రేపు ఐదోవాడి చొక్కా వేసి పాడుచేశారని తప్పించుకోరూ మీరు? ఐదని రాయి."

"ఆ ఐదో మనిషి పేరు, వయసు, పని?"

"సుహైల్. ఇరవై మూడేళ్ళు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు."

ఇందులో అబద్ధమేముంది? చదువుతూ ఉండగానే కాలేజీ గేటు దగ్గర సర్కారు మనుషులు కారులో ఎక్కించుకుని తీసుకుపోయారు. రెండు చలికాలాలు గడిచాయి. ఉన్నాడో లేడో చెప్పిన పాపాన పోయినవాడు లేడు. అడగడానికి వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు కాబట్టి ఎవరూ అడగరు. మీ పెద్దాడెక్కడ అంటే గల్ఫులో ఉన్నాడని చెప్పాలి, విన్నవాళ్ళు దేవుడు చల్లగా చూడాలి అనాలి. ఇదీ మా వీధి మర్యాద. నాకు కావలసింది ఒక్క మాట. ఉన్నాడనో, లేడనో.

ఇంటికొచ్చాక మా ఆయన తలుపేసి, కిటికీ వేసి, అప్పుడు నోరు తెరిచాడు.

"నీకు మతి పోయిందా? చిన్నాడు వాయిల్ ఈ ఏడు యూనివర్సిటీకి వెళ్ళాలి. పిల్ల లమీస్ ఉంది. నా ఉద్యోగం ఉంది. ఐదోవాడెక్కడని అడిగితే ఏం చెబుతావే?"

"బట్టల మెషిన్ కార్డు ఎవడు చదువుతాడయ్యా? అది ఇటలీలో కంపెనీవాళ్ళకు పోతుంది. అక్కడివాళ్ళకు మన సుహైల్‌తో ఏం పని?"

"గోడలకు చెవులుంటాయి."

"ఉంటే మంచిదే. ఒక్క గోడైనా నాకు జవాబు చెప్పనీ!"

ఆయన ముందుగదిలో కూర్చుని పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకున్నాడు.

నేను మాత్రం వారం వారం సుహైల్ చొక్కాలు ఉతుకుతూనే ఉన్నాను. ఎవరూ తొడగని చొక్కాలకు మురికేమిటంటారా? బీరువాలో ఉండి ముక్కిపోయిన వాసన వస్తుంది. వాడికి ఆ వాసనంటే పడదు. ఉతికి, డాబా మీద అందరికీ కనబడేలా ఆరేసేదాన్ని, నీలం చొక్కా అన్నిటికన్నా ముందు.

పక్కింటి ఉమ్ అనస్ తన బట్టలారేసే తీగ దగ్గర నిలబడి ఆ చొక్కాను చూసీ చూడనట్టు చూసేది. సుహైల్ పుట్టినప్పుడు బొడ్డు కోసింది ఆవిడ తల్లే. వాణ్ణి తీసుకుపోయిన నెలలోనే ఆవిడ నాకు చిన్నాడి పేరుతో కొత్త పేరు పెట్టింది.

"మెషిన్ బాగా ఉతుకుతోందా, ఉమ్ వాయిల్?"

"ఉమ్ వాయిల్ ఎవరమ్మా? ఈ డాబా మీద నాకు కనబళ్ళేదే."

"నా మీద కోపమెందుకే? నాకూ పిల్లలున్నారు."

"ఉన్నారుగా! అందుకే నిన్ను ఉమ్ అనస్ అంటున్నాను. నేనేమైనా మార్చానా?"

ఆవిడ బుట్ట ఎత్తుకుని దిగిపోయింది. మంచిదే పాపం. భయానికి మంచీ చెడ్డా తెలియవు.

ద్రాక్షలు బజారుకొచ్చే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇద్దరు తలుపు తట్టారు. పిల్లలిద్దరూ మా అక్క ఇంట్లో ఉన్నారు.

"వాషింగ్ మెషిన్ గ్యారంటీ గురించి" అన్నాడు పెద్దవాడు.

ఎంత మంచి కంపెనీ, అనుకున్నాను. లోపలికి పిలిచి, ఏలకులు దంచి వేసి, చక్కెర దండిగా కలిపి కాఫీ పెట్టాను. తీసుకొచ్చేసరికి రెండోవాడు మా పడకగదిలో బీరువా తెరిచి చూస్తున్నాడు. ఆ తర్వాత వంగి మంచం కింద చూశాడు.

"మెషిన్ వంటింట్లో ఉంది బాబూ. మంచం కింద పెట్టుకుంటామా ఎక్కడైనా?"

అన్నాక అర్థమైంది, వీళ్ళు కంపెనీవాళ్ళు కారని. మా ఆయనకు నాకంటే ముందే అర్థమైంది.

"ఇంట్లో ఐదుగురని రాయించారు" అన్నాడు పెద్దవాడు కప్పు అందుకుంటూ. "ఐదోవాడెక్కడ?"

"పొరపాటు సార్" అన్నాడు మా ఆయన. "మేం నలుగురమే. ఆడమనిషి, తెలియక చెప్పింది..."

"నోరు ముయ్యవయ్యా!" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. "మీరే కదా తీసుకుపోయింది! మీ దగ్గర పెట్టుకుని నన్నడుగుతారేం?"

పెద్దవాడు నన్ను ఎగాదిగా చూశాడు. సుహైల్ తండ్రి పేరు, తాత పేరు, కాలేజీ పేరు అడిగాడు. అన్నీ చెప్పాను. చిన్నవాడు కింద కిరాణా కొట్లో ఫోన్ చెయ్యడానికి వెళ్ళాడు.

మేం ముగ్గురం కూర్చున్నాం. రెండేళ్ళలో మొదటిసారి నా కొడుకు గురించి ఎవరో ఎవరినో అడుగుతున్నారు. వెర్రి గుండె, సంతోషపడింది. వాడికి ఒక స్వెట్టర్ ఇచ్చి పంపమంటే పంపుతారా అని కూడా ఆలోచించాను. ఊదారంగుది, ఉతికి మడతపెట్టి ఉంది.

చిన్నవాడు తిరిగొచ్చి పెద్దవాడి చెవిలో ఏదో అన్నాడు. పెద్దవాడు తేలిగ్గా ఊపిరి వదిలాడు.

"ఎవణ్ణో దాచారనుకున్నాం. అదేం లేదు. లెక్క సరిపోయింది, నలుగురే."

"వాడు మీ దగ్గరున్నాడా?"

"నలుగురే అంటున్నానుగా."

మిగిలిన కాఫీ తాగి లేచాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, మర్యాదగానే అన్నాడు.

"కాఫీ బాగుంది, ఉమ్ వాయిల్."

ఉమ్ అనస్ ఆ పేరు భయపడి అంది. వీడికేం భయం? వీడు తెలిసి అన్నాడు. నేను అడిగిన ఒక్క మాటా నాకు దొరికింది.

శవం లేదు. వీధిలో కుర్చీలు వెయ్యడానికి లేదు, ఖురాన్ చదివించడానికి లేదు, గొంతెత్తి ఏడవడానికి లేదు. సాయంత్రం మళ్ళీ కాఫీ కాచాను. చక్కెర వెయ్యలేదు. మా దగ్గర చావింట్లో ఇచ్చేది చేదు కాఫీ. మా ఆయన ఒక గుక్క తాగి, కప్పులోకి చూసి, నా వైపు చూశాడు. అడుగుదాకా తాగి, కప్పు రెండు చేతుల్లో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నా కడుపు కాలిపోయింది. ఆయనది కాలలేదని అంటానా?

ఆ వారం నేను ఉతకడానికి సుహైల్ చొక్కాలు బీరువాలోంచి తియ్యలేదు. ఆ తర్వాతా తియ్యలేదు. డాబా మీద తీగ మొదట్లో ఖాళీ ఉండిపోయింది. ఉమ్ అనస్ అది చూసి, ఒక రాత్రి మా గుమ్మంలో గిన్నెడు పప్పుచారు పెట్టి వెళ్ళింది. పిలవలేదు.

చలి మొదలయ్యాక నిజంగానే కంపెనీ మనిషి వచ్చాడు, పనిముట్ల సంచీతో. సరాసరి మెషిన్ దగ్గరికెళ్ళి వెనక పలక ఊడదీశాడు. గొట్టం చూశాడు, బెల్టు బిగించాడు. చివర్లో చేతులు తుడుచుకుని గ్యారంటీ కార్డు తీశాడు.

"ఇంట్లో ఐదుగురని ఉందమ్మా. అంతేనా? మార్చేదేమైనా ఉందా?"

"నలుగురు" అన్నాను. నా నోటితో అన్నాను.

"ఐదుగురు."

ముందుగదిలోంచి మా ఆయన. చేతిలో ఎర్ర సిరా పెన్నుతో వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

కంపెనీ మనిషి ఇద్దరినీ చూశాడు. "నలుగురా, ఐదుగురా మాష్టారూ?"

"ఐదని రాసుంది కదా? ఉంచు. ఈ ఇంట్లో లెక్కలు చెప్పేది నేను." ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "లే, ఉమ్ సుహైల్. మెషిన్ ఎలా తిరుగుతోందో చూపిద్దాం ఆయనకు."

నేను లేచి, బీరువాలోంచి నీలం చొక్కా తెచ్చి డ్రమ్ములో వేశాను.