అనుమానం బుట్ట

గాజు ఫ్యాక్టరీలో, లోపల దీపాలున్న వెలుగు పలక ముందునుంచి సీసాలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఆయన ఒక్కోదాని మెడ పట్టుకుని తిప్పి చూసి, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి విని, వదిలేస్తున్నాడు. బీట పడ్డవి పక్కనున్న డబ్బాలోకి. బీట ఉందో లేదో తేలనివి కాళ్ళ దగ్గరి తీగబుట్టలోకి. ఆ బుట్ట ఫ్యాక్టరీది కాదు, ఆయన సొంతం. పని దిగి అందరూ వెళ్ళిపోయాక ఆయనొక్కడే కూర్చుని వాటిని మళ్ళీ చూస్తాడు. ముప్పై ఏళ్ళలో అందులో నిజంగా బీట పడ్డవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అందుకే అందరూ ఆయన్ని అనుమానం మాస్టారన్నారు. అసలు పేరు జీతాల గుమస్తాకైనా గుర్తుందో లేదో!

బక్కపలచని మనిషి. ఎక్కడ కూర్చున్నా వీపు గోడకి ఆనించి, ముఖం సగం తలుపుకేసి తిప్పుకునే కూర్చుంటాడు. ఏ సీసా భళ్ళుమన్నా గుండె జారిపోతుంది. పైకి మాత్రం ఓ దగ్గు దగ్గి ఊరుకుంటాడు. పెళ్ళి మాటెత్తితే "ఇప్పుడెందుకులే" అంటూనే జుట్టు నెరిసింది.

పొద్దు వాలుతుండగా అక్క కూతురు గేటు గదికి వచ్చింది. నడిచే వచ్చింది. ఆర్నెల్ల కిందట తనెక్కిన బస్సు బోల్తా పడ్డప్పటినుంచీ బస్సెక్కడం లేదు.

"మామయ్యా, బస్సులో ఉన్నవాళ్ళంతా మామూలైపోయారు. నేనే ఇలా మిగిలాను," అంటూ ఓ కాగితం తీసింది. "ప్రమాదం తర్వాత పట్టుకునే భయం, కంగారు, దిగులు... ఇవన్నీ చాలావరకు ఒకే వేరునుంచి వస్తాయంది డాక్టరమ్మ. కొంత పుట్టుకతోనే ఉంటుందట. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే రాసుకురమ్మంది."

"మనింట్లో అలాంటివాళ్ళెవరూ లేరమ్మా," అనేశాడు, ఎప్పటి అలవాటో.

"అయితే పిరికిదాన్ని నేనేనన్నమాట. ఇక ఆవిడ దగ్గరికి వెళ్ళి ఏం లాభం?"

ఆయన పనిలోకి వచ్చేశాడు. చేతులు సీసాల మీద, మనసు ఎక్కడో. నాన్న గుర్తొచ్చాడు. కొలిమి పేలినప్పుడు పక్కనున్న నలుగురూ నెల తిరక్కుండా పనిలోకొచ్చారు. నాన్న మాత్రం చచ్చేదాకా నిప్పంటే వణికాడు. అక్క గోడవైపు తిరిగి పడుకుంటే "ఒళ్ళొంచి పని చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్నది తనే. చివరికి అక్క అలా గోడవైపు తిరిగి ఉండగానే పోయింది. ఆ మాట అన్నందుకు తన నోరు పడిపోతే బాగుండేదనుకున్నాడు.

పని దిగే గంట కొట్టారు. బుట్టలోంచి మొదటి సీసా తీసి కిటికీ వెలుతురుకి ఎత్తాడు. సీసాకి అవతల గేటు గది కనిపించింది. పిల్ల ఇంకా వెళ్ళలేదు. రోడ్డు మీద బస్సుల రద్దీ తగ్గేదాకా ఆగినట్టుంది. వీపు గోడకి ఆనించి, ముఖం సగం తలుపుకేసి తిప్పుకుని కూర్చుంది.

ఎవరు నేర్పారు దీనికి?

సీసా బుట్టలో పెట్టేసి గేటు గదికి వెళ్ళాడు. కాగితం లాక్కుని, చెవిమీది పెన్సిల్ తీసి రాశాడు. తాత. అమ్మ. మూడోది రాయడానికి కాస్త సేపు పట్టింది. మామయ్య.

ఆ పిల్ల చదివి, ఆయన వంక చూసింది.

"నీకూనా?"

"నాకూనే. మీ అమ్మకి చెప్పాల్సింది, చెప్పలేదు. పద, డాక్టరమ్మ వెళ్ళిపోతుంది. నడిచే పోదాం."

గేటు దాటుతుంటే వాచ్‌మన్ వెనకనుంచి కేకేశాడు. "మాస్టారూ, మీ బుట్ట?"

"ఉండనీవయ్యా."

ఆర్పడం మరిచిన వెలుగు పలక కింద, తీగబుట్టలో ఏడు సీసాలు అలాగే ఉండిపోయాయి.