కలిసిన మాట

మా వదిన అసలు పేరు మిలోతా. మా అన్నయ్య నృపేన్ ఇంజనీరింగ్ చదవడానికి బ్రాటిస్లావా వెళ్ళి, పట్టాతో పాటు ఈమెను కూడా ఈశాన్యాన టీ తోటల మధ్య ఉన్న తియోక్‌లోని మా ఇంటికి తెచ్చాడు. అమ్మ గుమ్మంలోనే ఆ పేరు మార్చేసి "మాలతీ" అని పిలిచింది. నోరు తిరగక కాదు, మా అమ్మకు నోరు తిరగకపోవడమంటూ లేదు. ఇంటికొచ్చిన పిల్లకు పువ్వు పేరు ఉండాలని ఆమె పట్టుదల.

అన్నయ్య పొద్దున టీ ఫ్యాక్టరీకి పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు. నేను బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని కాబట్టి కొన్నాళ్ళు ఆ ఇద్దరి మధ్యా దుబాసీగా ఉన్నాను. తర్వాత విసుగొచ్చి, "మీ అత్తాకోడళ్ళ గొడవ మీరే పడండి" అని వదిలేశాను.

అలా వదిలేశాకే ఆట మొదలైంది. ఓ రోజు అమ్మ మగ్గం ముందు కూర్చుని తలుపు వెయ్యమని చెయ్యి చూపిస్తూ "దువార్" అంది. వదిన ఉలిక్కిపడి తలుపు తట్టి "ద్వెరె! మా మాట, ద్వెరె!" అంది. అమ్మ మగ్గం వదిలేసి వంటింట్లోకి లాక్కెళ్ళి పొయ్యి మీది పొగ చూపించి "ధువాఁ" అంది. "దిమ్" అంది వదిన. అమ్మకు పండగే. "కలిసింది!" అని కేకేసి, కంచు పళ్ళెంలోంచి వక్క తీసి, కత్తితో చీల్చి వదిన నోట్లో పెట్టింది. గోతిలో పాతి పులియబెట్టిన వక్క అది. అలవాటు లేనివాళ్ళకు తల దిమ్మెక్కి ఒళ్ళంతా చెమటలు పట్టిస్తుంది. పాపం, మా వదిన గెలిచిన ప్రతిసారీ చెమటలు కక్కేది.

ఆ రెండు భాషలకూ ఎప్పుడో ఒకే మూలం ఉందని అన్నయ్య చెప్తే అమ్మ ఆశ్చర్యపోలేదు. "అయితే మనవాళ్ళూ వాళ్ళూ ఎప్పట్నించో వియ్యంకులేరా. నువ్వేదో కొత్తగా కలిపానని ఎగిరిపడకు" అంది. ఇక ముక్కుకు "నాక్", "నోస్". తేనెకు "మౌ", "మెద్". "ఇదేం కలవడమే అమ్మా?" అని నేను అడ్డుపడితే, "సగం కలిసింది, సగం వక్క" అని తీర్పు చెప్పేది. గెలిచినవాళ్ళకే వక్క, ఓడినవాళ్ళకు లేదు. ఆ నియమం మాత్రం తప్పేది కాదు.

ఒక్క మాట దగ్గర ఆట ఆగింది. మేమంతా చేపల పులుసు తింటుంటే అమ్మ గోడవార విడిగా పప్పన్నం తింటోంది. నువ్వెందుకు తినవని వదిన సైగ చేసింది. అమ్మ తన తెల్లబట్ట కొంగు చూపించి "బిధొవా" అంది. మా నాన్న పోయాక అమ్మ చేప ముట్టలేదు. వదిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అమ్మ వంకా, అన్నయ్య వంకా చూసి తల అడ్డంగా ఊపి, వచ్చీరాని మా భాషలో అంది. "లేదమ్మా. మా భాషలో ఈ మాట లేదు."

"ఎంత పుణ్యం చేసుకున్న దేశమమ్మా అది!" అంది అమ్మ.

"మాట లేకపోవడమేంటి? అక్కడ మొగుళ్ళు చావరా?" అన్నాను నేను.

"నీ నోట్లో మన్ను పడ!" అని అమ్మ నన్ను తిట్టిపోసింది. ఆ తర్వాత వాడకట్టు మొత్తం చాటింది, మా కోడలి దేశంలో ఆ మాటే లేదట అని.

ఏడేళ్ళ తర్వాత అన్నయ్య ఫ్యాక్టరీలోనే గుండె పట్టుకుని కూలిపోయాడు. పిల్లల్లేరు. కర్మకాండ అంతా అయ్యాక మా బంధువులంతా కూర్చుని చేప తిని మైల విడుస్తారు. విధవరాలు మాత్రం ఆ రోజు నుంచే చేప మానేస్తుంది. ఆ రోజు మా మేనత్త హేమప్రభ వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను పిలిచింది.

"ఏమే, నీ ఇంగ్లీషు ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? చెప్పు దానికి. ఇకమీదట చేపా లేదు, రంగుచీరా లేదు."

నేను అమ్మ వంక చూశాను.

అమ్మ లేచింది. కొడుకు పోయాక కన్నీటి చుక్క రాల్చని మనిషి. "చెప్పక్కర్లేదు. దాని భాషలో ఆ మాటే లేదు. లేని మాట దాని నెత్తిన ఎలా రుద్దుతావు? మాలతి చేప తింటుంది."

"బాగుంది వదినా! మాట లేకపోతే మొగుడు తిరిగొస్తాడా?"

"రాడు. అయినా అది విధవ కాదు. దాని దేశంలో ఎవరూ కారు."

అమ్మకు నిజంగానే ఆ నమ్మకం ఉంది. తనకు జరిగినది కోడలికి జరగకుండా ఆపడానికి ఆమె చేతిలో ఉన్నది అదొక్కటే. మా భాష ఎప్పుడో వచ్చేసిన వదిన గది గుమ్మంలోంచి అంతా వింటోంది. మెల్లగా వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఉంది. వ్దోవా."



"ఎప్పట్నించి తెలుసు?" అంది అమ్మ.

"ఆ రోజే తెలుసు. నువ్వనగానే తెలిసింది. కొత్తగా వచ్చాను కదా. ఆయన పక్కనే కూర్చున్నాడు. నా నోటితో అంటే ఆయనకేమన్నా అవుతుందేమోనని భయమేసింది. అబద్ధం చెప్పాను." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ అనలేదమ్మా. ఒక్కసారి కూడా అనలేదు. అయినా పోయాడు."

 "మీ దేశంలో మొగుడు పోయినవాళ్ళు చేప మానేస్తారా?" అని అమ్మ అడిగింది.

"లేదు. తింటారు."

"అయితే మాట కలిసింది, చేప కలవలేదు. కూర్చో."

కంచం తెచ్చి ముందు పెట్టింది. నాన్న పోయాక చేప ముట్టని చేత్తో, మేనత్త చూస్తుండగానే, ముక్క విరిచి ముళ్ళు ఏరి అన్నంలో కలిపింది. హేమప్రభత్త కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. పోనీ, ఆవిడ ఉంటే ఎంత, పోతే ఎంత. వదిన ఏడుస్తూనే ఆ అన్నం తింది.

చెయ్యి కడుక్కున్నాక అమ్మ కంచు పళ్ళెం దగ్గరికి జరుపుకుంది. వక్క తీసింది. నేను చీలుస్తానంటే కత్తి ఇవ్వలేదు.

"కలిసిందే, మాలతీ" అంది. అప్పుడు ఏడ్చింది, కొడుకు పోయాక మొదటిసారి.

ఆటలో ఎప్పుడూ గెలిచినవాళ్ళకే వక్క. ఆ రోజు అమ్మ దాన్ని రెండుగా చీల్చి, ఒక ముక్క వదినకిచ్చి, ఇంకో ముక్క తను నోట్లో వేసుకుంది.