ఎనభై అయిదో పేజీ తర్వాత

ఉస్తాద్ బహ్గత్ జీవితంలో ఒక్కసారి కూడా తుపాకీ పట్టలేదు. ఈజిప్టులో ఒక్కగానొక్క కొడుకును సైన్యంలోకి తీసుకోరు కాబట్టి ఆయన ఇంట్లోనే ఉండిపోయాడు. ఆ లోటు పూడ్చుకోవడానికి వెయ్యిన్ని రెండు వందల యుద్ధ చరిత్ర పుస్తకాలు పోగుచేశాడు. అలెగ్జాండ్రియా రేవులో గుమాస్తాగిరీ చేసి రిటైరయ్యేనాటికి, పింగాణీ గిన్నెల బీరువా వంటింట్లోకి, భోజనాల బల్ల నడవాలోకి, ఆయన భార్య ఇన్షిరాహ్ కుర్చీ బాల్కనీలోకి వెనక్కి తగ్గాయి.

"నా ముందుగదిని ఏ నెపోలియనూ ఇంత తేలిగ్గా పట్టుకోలేకపోయేవాడు" అనేది ఇన్షిరాహ్.

ట్రామ్ స్టేషను పక్క కాఫీ దుకాణంలో ఆయన్ని అందరూ జనరల్ అనేవారు. వెక్కిరింత అని ఆయనకు తప్ప ఊరందరికీ తెలుసు. రోజూ సాయంత్రం బల్ల మీద టీ గ్లాసులను బ్రిగేడులుగా, పంచదార డబ్బాను కొండగా పెట్టి, ఇజ్రాయెల్‌తో జరిగిన అరవై ఏడు యుద్ధంలో సినాయ్ ఎడారిలో ఎవరు ఎక్కడ తప్పు చేశారో ఏకరువు పెట్టేవాడు. ఎదురుగా కూర్చునే గిర్గిస్ ఆ యుద్ధంలో వంటవాడిగా నిజంగానే ఉన్నవాడు. దాని గురించి ఒక్క మాటా చెప్పేవాడు కాదు. కాసేపు విని, "జనరల్ గారూ, మీ మూడో బ్రిగేడు చల్లారిపోతోంది" అని గ్లాసు ఎత్తి తాగేసేవాడు.

బహ్గత్ పుస్తకాల నిధి మొత్తంలో తలమానికం ఒక పలచని పుస్తకం. జలాల్ అనే కెప్టెన్ ఆ యుద్ధం నుంచి బతికొచ్చి, సొంత ఖర్చుతో రెండు వందల ప్రతులు అచ్చు వేయించుకుని, అవి అమ్ముడుపోకముందే చనిపోయాడు. ప్రతులన్నీ పుచ్చగింజల పొట్లాలయ్యాయి. ఒక్కటి మాత్రం పొట్లం కాబోతుండగా బహ్గత్ చేతిలో పడింది. పైగా అది కోయని ప్రతి. ఆ ప్రెస్సు వాళ్లు పెద్ద కాగితాన్ని మడిచి అలాగే కుట్టేసేవాళ్లు. చదివేవాడే కత్తితో అంచులు కోసుకోవాలి. కోయని పుస్తకానికి సేకరించేవాళ్లలో గౌరవం ఎక్కువ. చదివితే చెడిపోతుందన్నమాట.

కైరోలో ఇదే పిచ్చి ఉన్న షౌకత్ బే దాని కోసం పదకొండు సంపుటాల యుద్ధ పటాలు ఇస్తానన్నాడు. శుక్రవారం వస్తానన్నాడు. షరతు ఒక్కటే, ఒక్క పేజీ కూడా కోసి ఉండకూడదు.

మంగళవారంనాడు కింది వాటాలో బట్టలు కుట్టే తహియ్యా మెట్లెక్కి వచ్చింది. అరవై దాటిన మనిషి. చేతిలో నిమ్మకాయ ఊరగాయ సీసా. ఉత్త చేతులతో సాయం అడగడం ఆమెకు చేతకాదు.

"ఉస్తాద్, మా తమ్ముడు సాబిర్ లారీ డ్రైవరుగా కెప్టెన్ జలాల్ దగ్గరే ఉండేవాడట. గిర్గిస్ అన్న నిన్ననే చెప్పాడు. ఆ కెప్టెన్ పుస్తకం మీ దగ్గరుందటగా. ముప్పై ఏళ్లుగా నా దగ్గర సైన్యంవాళ్లు పంపిన 'ఆచూకీ లేదు' అన్న కాగితం ఒక్కటే ఉంది. వాడి గురించి ఏమన్నా రాశాడేమో చూసి పెడతారా?"

"చూడటమేమిటమ్మా, ఆ పుస్తకం నాకు కంఠతా" అన్నాడు బహ్గత్.

వంటింట్లోంచి ఇన్షిరాహ్ దగ్గు వినిపించింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె దగ్గుకు పదిహేను అర్థాలున్నాయి. ఇది 'కోతలు ఆపవయ్యా' అనే దగ్గు.

ఆ మధ్యాహ్నం తలుపు గడియపెట్టుకుని జనరల్ రంగంలోకి దిగాడు. మడతలకు బయటపడ్డ పేజీలన్నీ తిప్పగా, ఎనభై అయిదో పేజీలో అడుగు వరసన సాబిర్ పేరు కనిపించింది. "మిగతా లారీలు పడమటికి వెళ్లిపోయాయి. డ్రైవరు సాబిర్ మాత్రం బండి దిగి, పరుగు తీశాడు." అక్కడితో పేజీ సరి. తర్వాతి రెండూ మడతలో బందీలు. కిందనుంచి కాగితాన్ని బుడగలా ఉబ్బించి, టార్చి వేసి, గడ్డం గీసుకునే అద్దం దూర్చి చూశాడు. కుడి కన్ను, ఎడమ కన్ను, చివరికి బల్లమీద పడుకుని కూడా చూశాడు. 'ఇసుక' అన్న మాట దొరికింది. సినాయ్‌లో ఇసుక ఉందని కనిపెట్టడానికి మెడ పట్టేసింది.

కత్తి వంక ఒకసారి చూశాడు. పదకొండు సంపుటాలు గుర్తొచ్చాయి. చూపు తిప్పుకున్నాడు.

సాయంత్రం కాఫీ దుకాణం బయట, అందరి ముందూ, తహియ్యాకు గ్లాసులు, అగ్గిపుల్లలు పేర్చి వివరించాడు. "ఇదిగో కనుమ. ఇవి లారీలు. క్రమశిక్షణ సడలినప్పుడు సరఫరా దళాలు ముందు చెదురుతాయమ్మా, అది యుద్ధశాస్త్రం. మీ తమ్ముడు బండి వదిలేసి పరుగు తీశాడు. తప్పు వాడిది కాదు, పైవాళ్లది."

గిర్గిస్ ఈసారి గ్లాసు ఎత్తలేదు.

తహియ్యా ఆ అగ్గిపుల్లల లారీల వంక చాలాసేపు చూసింది. ఒకదాన్ని వేలితో సరిచేసింది.

"పారిపోయాడా? అయితే ఇంటికి రావాలి కదా ఉస్తాద్. వాడికి ఇల్లు తెలుసు."

లేచి, ట్రామ్ పట్టాలు దాటి వెళ్లిపోయింది. బల్ల చుట్టూ ఒక్కరూ నవ్వలేదు. ఇన్నాళ్లూ తనకు దక్కింది వెక్కిరింతేననీ, అదెంత చల్లని నీడోననీ బహ్గత్‌కు అప్పుడే తెలిసింది. రోజూ అందులోనే కూర్చునేవాడు మరి.

ఇంటికొచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్లి కత్తి తీసుకున్నాడు. వెయ్యిన్ని రెండు వందల పుస్తకాల ఆసామికి పేజీ కోయడం ఎలాగో తెలియదు. మొదటి మడత వంకరగా చిరిగి, అంచు ఎలక కొరికినట్టయింది.

"ఇటివ్వు. అది వంకాయ కాదు" అని ఇన్షిరాహ్ కత్తి లాక్కుని, మడతలోకి దూర్చి, నెమ్మదిగా లోపలినుంచి బయటికి లాగింది. కాగితం చిన్న నిట్టూర్పుతో విడిపోయింది. ఇద్దరూ తలలు ఆనించి చదివారు. చదివాక ఇన్షిరాహ్ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, "పద" అంది.

కింది వాటాలో, మిషను ముందు నిలబడే చదివాడు బహ్గత్. గొంతులో జనరల్ లేడు.

"పరుగు తీశాడు. మా వైపుకు. భుజాన నీళ్ల డబ్బా. ఇసుకలో పడి ఉన్నవాళ్లం తొమ్మిదిమందిమి. రెండుసార్లు వెళ్లి నీళ్లు తెచ్చాడు. మూడోసారి విమానం వచ్చింది. తెల్లవారేదాకా నా ఒళ్లో తల పెట్టుకుని మాట్లాడాడు. చొక్కా బొత్తాం ఎర్రదారంతో కుట్టి ఉందేమని అడిగాను. తెల్లదారం అయిపోయిందట, అక్క కుట్టిందట, దళంలో అందరూ నవ్వారట. నవ్వుతూనే పోయాడు. కళ్లు నేనే మూశాను."

తహియ్యా మిషను చక్రం మీద చెయ్యి ఆనించింది. "తెల్లదారం నిజంగానే అయిపోయింది" అంది. "బండి వేళైపోతోందని తొందరపెట్టాడు, వెధవ." మిషను మీది దారం వేలికి చుట్టుకుంటూ, "ఒంటరిగా పోలేదన్నమాట" అంది. "మళ్లీ చదవండి ఉస్తాద్."

నాలుగుసార్లు చదివాడు.

శుక్రవారం షౌకత్ బే తెల్ల చేతితొడుగులు వేసుకుని పుస్తకం తెరిచి, కాలిన పెనం ముట్టుకున్నట్టు వదిలేశాడు. "కోసేశావా! మనిషివేనా నువ్వు? అందులోనూ ఇలా వంకరగానా!"

"అవసరం పడింది. పోనీ, మీ పదకొండు సంపుటాల్లో ఏముంది?"

"ఏముందో నాకేం తెలుసు? అన్నీ కోయనివే!" అని ఆ పెద్దమనిషి తన పటాలు తాను మోయించుకుని కైరో బండెక్కాడు.

ఆ సాయంత్రం కాఫీ దుకాణంలో బహ్గత్ ముందు ఒకే గ్లాసు ఉంది, అందులో టీ మాత్రమే ఉంది. గిర్గిస్ తన కుర్చీ పక్కకు జరుపుకున్నాడు.

"ఇవాళ్టినుంచి నువ్వు జనరల్‌వి కాదు, సిపాయివి. అభ్యంతరమా?"

"లేదు."

"ఆ పుస్తకం తెచ్చావా? నాకూ చదువు. తహియ్యా చెప్పిన ఆ తొమ్మిదిమందికీ ముందురోజు రాత్రి పప్పు వండింది నేనే." గిర్గిస్ బల్ల మీద పుస్తకానికి చోటు చేశాడు. "ఉప్పు ఎక్కువైందని రాశాడేమో చూడు."