పట్టుకునే మనిషి

ఆలుగడ్డ ముక్కలు రెండు కళ్ల మీద పెట్టుకొని పడుకున్నాను. కళ్లలో ఇసుక పోసి రుద్దినట్టుంది. రెప్పలు మూసినా నీళ్లు ఆగడం లేదు.

అత్తమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ, "గట్ల కళ్లనీళ్లు పెట్టుకోకే యశోదా. సూసినోళ్లు మా పవన్ కొట్టిండనుకుంటరు," అంది.

ఏడుపు కాదు. మా ఆయన వెల్డింగ్ షాపు ఇంటి ముందే, ఇల్లందు రోడ్డు మీద. నిన్న సాయంత్రం అక్కడ గేటు చట్రం పట్టుకున్నాను. మంటను నేరుగా చూసిన కళ్లు మరునాటికి ఇలా అవుతాయి. షాపులో మాస్కు ఒకటే, అది అతికేవాడికి. పట్టుకునేవాళ్లు మొహం పక్కకు తిప్పుకోవాలి. తిప్పుకుంటే చెయ్యి కదులుతుంది. చెయ్యి కదిలితే గొట్టం వంకరవుతుంది. అప్పుడు పవన్, "పట్టుకునుడే కదా నీ పని, అది గూడ రాదా?" అంటాడు. అందుకే చూస్తాను.

పెళ్లైన కొత్తలో మొదటిసారి పిలిచినప్పుడు, మనిషిని పెట్టుకోరాదా అన్నాను. "మనిషెందుకు, నువ్వున్నవ్ కదా," అని నవ్వాడు. ఆ మాటను ఆ రోజంతా కొంగున కట్టుకొని తిరిగాను. తర్వాత బర్రెకు గడ్డి, అత్తమ్మ మోకాళ్లకు నూనె, షాపులో ఇనుప రజను ఊడ్చడం, అన్నిటికీ అదే మాట.

కానీ చూసి చూసి ఆ పని మీదే మనసు పడింది. వెల్డింగ్ పుల్ల కొసన ఇనుము కరిగి చిన్న మడుగులా వణుకుతూ ముందుకు పాకుతుంది. పాలిటెక్నిక్‌లో చేరతానంటే, షాపు బోర్డు మీద డిప్లొమా అని రాయించుకోవచ్చని పవన్ ఒప్పుకున్నాడు. అక్కడ మొదటి నెలలో, అలవాటు కొద్దీ పక్కబల్ల మీది ప్లేటు పట్టుకోబోయాను. బాబూరావు సారు గట్టిగా, "ఏందమ్మా గది? పట్టుకోనీకి క్లాంప్ లేదా?" అన్నాడు. అరచెయ్యంత ఇనుప బిగింపు. మర తిప్పితే ప్లేటు కదల్లేదు. దానికి కళ్లు లేవు, తిప్పుకోవడానికి మొహం లేదు. ఇన్నాళ్లు నేను చేసింది దాని పని.

ఇంటికొచ్చి చెప్పాను. "పైసలు దండగ, నువ్వున్నవ్ కదా," అన్నాడు పవన్. ఆ తర్వాత కూడా పట్టుకుంటూనే ఉన్నాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

రేపు ఆఖరి ప్రాక్టికల్. రెండు ప్లేట్ల నడుమ కరిగే అంచును రెప్ప వేయకుండా చూస్తూ అతకాలి. అది పాసైతేనే వెల్డింగ్ ఇంజనీరింగ్ చదవడానికి పోగలను. పొద్దున్నుంచి అటు పొర్లుతున్నాను, ఇటు పొర్లుతున్నాను. లేచి కూర్చుంటున్నాను. కిటికీ సందులోంచి వచ్చే వెలుగు గీతను చూడగలనా అని ఒక్కో కన్నూ తెరిచి చూసుకుంటున్నాను. చూడలేకపోతున్నాను.

పొద్దు వాలుతుండగా షాపులోంచి కేక.

"యశోదా, జర జల్దీ రా! సర్పంచ్ గేటు ఒక్క మూల మిగిలింది. కళ్లు మూసుకోని పట్టుకో, ఐదు నిమిషాలే."

గోడ పట్టుకొని గడప దాకా వెళ్లాను. పవన్ మాస్కు నుదుటి మీదికి ఎత్తుకొని నిలబడ్డాడు. దాని కింద అతని కళ్లు తెల్లగా, చల్లగా ఉన్నాయి.

"క్లాంప్ తెచ్చుకో," అన్నాను.

"ఇప్పుడు దానికోసం బజారుకు పోవాల్నా? నువ్వున్నవ్ కదనే!"

"నేను లేను."

అత్తమ్మ చేతిలో చాట ఆగింది. నేను లోపలికి వచ్చి, కొత్త ముక్కలు కోసి కళ్ల మీద పెట్టుకొని పడుకున్నాను.  కాసేపటికి బయట పవన్ బండి స్టార్టయింది. ఇల్లందు బజారు వైపు పోయింది.