యాడి ఎక్కిన బస్సు

సినిమా చూడ్డానికి వెళ్ళే రోజు కూడా పులిహోర కలపాల్సింది నేనే. నా నవల మీద తీసిన సినిమా, మొదటి ఆట, పినపాక ఫంక్షన్ హాల్లో మధ్యాహ్నం. యూనిట్ వాళ్ళూ చుట్టాలూ వస్తారని మా ఆయన శ్రీను పొద్దున్నే బియ్యం కొలిచి వంటింట్లో పెట్టాడు. "రైటరమ్మ చేతి పులిహోర అంటే వాళ్ళకు పానం" అని నవ్వాడు కూడా. పొగడ్తలో పని చుట్టి ఇవ్వడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. బడికి సెలవు పెట్టి, చింతపండు పిసుకుతూ, ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించాను. చివరికి నూనె మరకలు కనపడని ముదురు రంగుది కట్టుకున్నాను.

షూటింగ్ జరిగినన్నాళ్ళూ ఇదే వరస. డైరెక్టర్ ఉదయ్ భాస్కర్ సత్తుపల్లి కుర్రాడు. చేతిలో డబ్బు లేదు గానీ ఉత్సాహానికి లోటు లేదు. మా ఇల్లే హీరోయిన్ ఇల్లు, నా చీరలే హీరోయిన్ చీరలు, మా పొయ్యే క్యాంటీను. బడి నుంచి వచ్చి వంటకు నిలబడితే, ముందు గదిలో నేను రాసిన మాటలు ఎవరో అమ్మాయి చెప్తూ ఉండేది. వినబోతే కూర మాడేది. "నీ కథే గదా, నీకు తెల్వదా ఏంది? చాయ్ పెట్టు" అనేవాడు శ్రీను.

నిజానికి ఆ కథ నాది కాదు, మా అమ్మది. మా లంబాడీల్లో అమ్మను యాడి అంటాం. మా యాడి పేరు చాంది. అత్తగారింట్లో పశువులకంటే ముందు లేచి, పశువుల మేత అయ్యాక తినేది. మా బాపు చేతికి ఏది దొరికితే దాంతో కొట్టేవాడు. ఒక పొద్దున నన్ను చంకనేసుకుని తండా దాటి రోడ్డు మీదికొచ్చి, కొత్తగూడెం బస్సెక్కింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. పుట్టింటిని విడిచిపోయే పెళ్ళికూతురు అయినవాళ్ళ మెడ పట్టుకుని ఏడుస్తూ పాడే పాట ఒకటుంది మాకు, ఢావ్లో అంటాం. యాడి ఆ రోజు బస్సులో కూర్చుని ఢావ్లో పాడింది. పుట్టింటి కోసం కాదు. విడిచి వచ్చిన లేగదూడ కోసం, తను పెట్టిన చిక్కుడు పాదు కోసం, ఆ ఇంట్లో బుగ్గయిపోయిన తన వయసు కోసం పాడింది. బస్సంతా నోరెత్తకుండా విన్నదట. నా నవలలో చివరి అధ్యాయం అదే. ముందున్నదంతా అక్కడికి చేరడానికే రాశాను.

ఆ పాట కోసం ఉదయ్ కొత్తగూడెం వెళ్ళి, యాడి ఉండే కిరాయి గదిలోనే ఆమె చేత పాడించి రికార్డు చేసుకొచ్చాడు. బస్సు సీను కోసమనే చెప్పాడు. బస్సే కుదరలేదు. ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి, "అక్కా, బస్సు మన బడ్జెట్ వల్ల కాదండీ. హీరోయిన్ రోడ్డు దాకా వచ్చి, పాప మొహం చూసుకుని, వెనక్కి వెళ్ళిపోయినట్టు తీసేస్తాను. ఎమోషన్ కూడా బాగుంటది" అన్నాడు. నేను రొట్టె కాలుస్తున్నాను. నోరు తెరిచేలోపే ముందు గదిలోంచి శ్రీను, "తియ్యి తమ్మీ, ఏమైతది? బస్సుల పోతేంది, ఇంటికి పోతేంది? ఏడ్పు ఏడ్పే గదా" అన్నాడు. నేను రొట్టె తిరగేశాను. మాట్లాడకపోవడం ఎంత అలవాటైపోయిందంటే, అది అలవాటన్న సంగతి కూడా అప్పుడు తోచలేదు.

హాలు నిండింది. యాడిని ముందు వరసలో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆమెకు చదువు రాదు. నవల చదివి వినిపిస్తానంటే ఎప్పుడూ "నాకు తెల్వని కథనా?" అని నవ్వి ఊరుకునేది. తెర మీద 'కథ: జ్యోత్స్నా శ్రీను' అని పడింది. పుస్తకం మీద నేను జ్యోత్స్నా చాంది. అదెవరు మార్చారో అడగాల్సిన పని లేదు. శ్రీను వెనక వరసలోంచి నా భుజం తట్టాడు.

సినిమా బాగానే నడిచింది. అత్త తిట్టే సీనుకు మగవాళ్ళు నవ్వారు. కొట్టే సీనులో ఎవరో ఫోన్ మాట్లాడుకున్నారు. చివరికి హీరోయిన్ పాపను ఎత్తుకుని రోడ్డు మీదికొచ్చింది. యాడి కుర్చీలో ముందుకు జరిగి నా చేయి పట్టుకుంది, ఇప్పుడు బస్సొస్తుందని. హీరోయిన్ పాపను చూసింది. వెనక్కి తిరిగింది. ఇంటి దారి పట్టిన ఆ అమ్మాయి వెనక యాడి గొంతు లేచింది. హాలంతా ముక్కులు ఎగపీల్చింది, ఆ తర్వాత చప్పట్లు. యాడి నా చేయి వదిలేసింది.

భోజనాల దగ్గర అందరివీ అవే మాటలు. మా మామ దేవ్లా విస్తరి ముందు కూర్చుని, "ఆడిదంటే గట్లుండాలె. పిల్ల మొకం చూసి ఓర్సుకున్నది. ఇప్పటోళ్ళకు చూపియ్యాలె గీ సినిమా" అన్నాడు. నాతో పనిచేసే కళావతి టీచర్ నన్ను వాటేసుకుంది. "ఏడ్చి ఏడ్చి కండ్లు వాచినయ్ జ్యోత్స్నా. ఆమె తిరిగి ఇంటికి పోయినంక గానీ నా పానం కుదుటపడలే" అంది. శ్రీను అందరితో చేతులు కలుపుతూ "క్లైమాక్స్ మార్పించింది నేనే" అంటున్నాడు. మా లంబాడీ ముసలమ్మలు మాత్రం, పోయేటప్పుడు ఏడ్చే పాట వచ్చేటప్పుడు పెట్టిండ్రేందని గొణుక్కుంటున్నారు. ఎవరు వింటారు? నా చేతిలో గరిటె ఉంది, వడ్డిస్తూనే ఉన్నాను.

యాడి ఏమీ తినలేదు. గోడ వారన నిలబడింది. నేను విస్తరి పట్టుకుని దగ్గరికి వెళ్ళగానే మెల్లగా అడిగింది.

"నేనెక్కిన బస్సేది బేటీ?"

"పైసల్లేక తియ్యలే యాడీ."

"నా తాన గూడ లేకుండె. కండక్టర్ కాళ్ళు మొక్కి ఎక్కిన." నా చేతిలో విస్తరిని పక్కకు నెట్టింది. "నా గొంతు పెట్టి నన్నే ఆ ఇంటికి తోలిండ్రు గదనే. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను బస్సెక్కకుంటే నువ్ బడికెట్ల పోతువు? బుక్కెట్ల రాస్తువు?"

కండక్టర్ కాళ్ళు పట్టుకున్నదని నాకు అప్పటిదాకా తెలియదు. అంత పుస్తకం రాశాను గానీ, టికెట్ ఎలా కొన్నావని ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే, ఆ రోజు పొయ్యి దగ్గర నా నోరు లేచేదేమో. ఆమె అంత కష్టపడి ఎక్కిన బస్సును నేను రొట్టె తిరగేసినంత సులువుగా పోనిచ్చాను. ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

గరిటె గిన్నెలో పెట్టి ఉదయ్ దగ్గరికి వెళ్ళాను. "ఆ పాట తీసెయ్ తమ్ముడూ. లేదంటే బస్సు పెట్టు. అప్పటిదాకా సినిమా ఇంకెక్కడా వెయ్యొద్దు."

"అక్కా, ఆ పాట తీసేస్తే ఇంక సినిమాలో ఏముందండీ?" అన్నాడు బిక్కమొహంతో.

"అందుకే" అన్నాను.

శ్రీను గబగబా వచ్చాడు. "అందరి ముంగట ఇజ్జత్ తీస్తవా? మంచిగ మెచ్చుకుంటుంటే నీకేం రోగం? పో, ఆ వరసకు పెరుగన్నం పెట్టు."

నేను చేతులు కడుక్కుని యాడి సంచీ అందుకున్నాను.

ఆమెను బస్సెక్కించి వచ్చేద్దామనే రోడ్డు మీదికి నడిచాను. కొత్తగూడెం బస్సొచ్చి ఆగింది. ఆడవాళ్ళకు ఇప్పుడు బస్సు ఉచితం కదా, యాడి ఆధార్ కార్డు ముందే చేతిలో పట్టుకుని ఎక్కింది. వెళ్ళి కూర్చుని, కిటికీ పక్క సీటు ఖాళీగా వదిలింది. ఆ రోజు కూడా నన్ను కిటికీ పక్కనే కూర్చోబెట్టిందేమో, అదీ అడగలేదు. వెనక ఫంక్షన్ హాలు మెట్ల మీంచి శ్రీను కేక వినపడింది. "ఓ జ్యోత్స్నా! జల్దీ రా! గిన్నెలెవరు తోముతరు?"

ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద. సినిమాలో ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది ఈ రోడ్డు మీదే.

"ఎక్కుతరా, ఉంటరా అమ్మా?" అంది కండక్టరమ్మ.

ఎక్కాను. వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదిలింది. కండక్టరమ్మ మిషన్ పట్టుకుని మా సీటు దగ్గరికొచ్చి, "కొత్తగూడెం ఇద్దరా?" అని అడిగింది.

"అవ్, ఇద్దరమే" అంది యాడి. "అప్పుడు గూడ గీ ఇద్దరమే."