ఎనభై ఏడు శాతం తెలుపు

"వ్యాను వచ్చేసింది. పది నిమిషాల్లో బయల్దేరుతున్నాం. టైలరు మాత్రం మాతో రాదు," అంది వార్డెన్.

ఫోను స్పీకర్లో ఉంది. మా రెండు బల్లల ఆఫీసులో అక్కా నేనూ దాని మీదకు వంగి నిలబడ్డాం.

"రాకపోతే ఎక్కడికి పోతుందండీ?" అంది అక్క.

"అడ్రసు బయటపెట్టినవాళ్లకు ఇక్కడ చోటు లేదని మొదటిరోజే చెప్పాను. కొత్త చోటు కూడా మొగుడి చెవిన వేస్తే? మిగతా పదిమందికీ ఎవరు అడ్డం నిలబడతారు, మీరా?"

వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది, అక్కడ బట్టలు కుట్టే టైలరుది. "నేను చెప్పలేదమ్మా. నా బిడ్డ మీద ఒట్టు."

అది మొగుళ్ల దెబ్బలకు పారిపోయి వచ్చిన ఆడవాళ్లు తలదాచుకునే ఇల్లు. గేటుకు బోర్డు ఉండదు. మేం చేసిచ్చిన వెబ్‌సైట్లో ఫోను నంబరు తప్ప అడ్రసు ఉండదు. గంట క్రితం ఆ నంబరుకే టైలరు మొగుడు ఓ ఫోటో పంపాడు. ఆకుపచ్చ గేటు, ఇంటి నంబరు, పక్కనున్న మందుల షాపు బోర్డు. కింద ఒకే ముక్క: "ఐదింటికి వస్తున్నా. దాన్ని రెడీగా ఉంచండి."

వార్డెన్ పోలీసులకు ఫోన్ చేసింది. ముందు అతన్ని రానివ్వండి, గొడవైతే అప్పుడు చెప్పండి అన్నారట.

ఫోటో మా సైట్లోంచి బయటికి పోయిందేమో చూడమని మాకు పంపింది. "మా సైట్లో గేటే లేదండీ," అని అక్క ఠక్కున చెప్పేసింది. దాంతో నేరం టైలరు నెత్తిన పడింది.

కానీ ఆ ఫోటో తీసింది అక్కే, చూడగానే గుర్తుపట్టాను. పని ఎవరిచ్చినా వాళ్ల చోటికి వెళ్లి గోడలూ నేలా తలుపులూ ఫోటోలు తీస్తుంది. వాటినే పేజీకి బ్యాక్‌గ్రౌండుగా వేస్తాం. "కొన్న బొమ్మల్లో ప్రాణం ఉండదే చిన్నీ," అంటుంది. దానికి మాకో నియమం ఉంది. ఫోటోలోంచి అరచేయంత గరుకు గోడను కత్తిరించాలి. ఆ ముక్కనే సాఫ్ట్‌వేర్లోకి ఎక్కించి పేజీ అంతా పరవాలి.

నేను సైటు తెరిచాను. అక్షరాల వెనక పాలలో ముంచినట్టు గోడ గరుకు లీలగా కనిపించింది.

"చూశావా? ఇందులో గేటేదీ?" అంది అక్క.

ఆ బ్యాక్‌గ్రౌండు బొమ్మ లింకు తీసి, విడిగా ఇంకో విండోలో తెరిచాను. పెద్ద విద్యేం కాదు. టైలరు మొగుడు కంప్యూటర్లు బాగుచేసేవాడు.

ఆకుపచ్చ గేటు. ఇంటి నంబరు. మందుల షాపు.

అక్క కుర్చీలో కూలబడింది. "గోడలకు చెవులుంటాయంటారు. దీనికి నోరు కూడా ఉందే!"

ఫోటోను ఎవరో కత్తిరించకుండానే ఎక్కించారు. సెట్టింగుల్లో నాలుగింతలు పెద్దది చేసి ఎడమ మూల మాత్రం కనిపించేలా జరిపారు. పైన తెల్ల రంగు పొర వేశారు. సాఫ్ట్‌వేరు కప్పుతుందే గానీ కోయదు. కళ్లు మూసుకుని పాలు తాగిన పిల్లి పని అది.

"ఎవరే?" అంది అక్క.

"ఫోటో నీదే కదా."

"తీయడం నేరమా? ఎక్కించిందెవరు?"

ఇద్దరిదీ ఒకే లాగిన్. మార్పుల చరిత్రలో ఆఫీసు పేరు తప్ప మనిషి పేరు లేదు. అక్కే అయ్యుండాలని నేను గట్టిగా కోరుకున్నాను.

తెల్ల పొర సెట్టింగు మీద నొక్కాను. ఎనభై ఏడు శాతం.

అక్క ఎప్పుడూ ఎనభై అంటుంది, లేదా తొంభై. మధ్య అంకెల కోసం కళ్లు చికిలించేది నేను. "పరీక్ష మార్కులటే అవి?" అని ఏడిపిస్తుంది కూడా. నాకు గుర్తొచ్చింది. ఆ పేజీ చేసిన రోజు సాయంత్రమే వార్డెన్‌కు సైటు చూపించాలి. తర్వాత కత్తిరిద్దాంలే అనుకున్నాను. ఆ 'తర్వాత' రానే లేదు.

అక్క కూడా అంకె చూసింది. తర్వాత నన్ను చూసింది.

బొమ్మను తీసేశాను. పేజీ తెల్లబోయింది. ఏం లాభం? గేటు అతని ఫోనులో ఉంది. అతను దారిలో ఉన్నాడు. గోడ గడియారంలో పావు తక్కువ ఐదు.

ఫోనులో వ్యాను ఇంజను మోత. ఎవరో చిన్నపిల్ల ఏడుపు.

"నన్ను వదిలేయండమ్మా, పర్లేదు," అంటోంది టైలరు. "దీన్ని మాత్రం ఎక్కించుకోండి. దానికేం తెలుసని?"

అక్క ఫోను మీద అరచెయ్యి మూసి గుసగుసగా అంది. "నోరెత్తకు. సాఫ్ట్‌వేరువాళ్ల తప్పని చెబుదాం."

"అలా అంటే వార్డెన్ నమ్ముతుందా?"

"నమ్మకపోతే మన కొంపైతే మునగదుగా!"

నేను ఆమె చెయ్యి తీసేశాను.

"వార్డెన్‌గారూ, వ్యాను తలుపెయ్యకండి. ఆ ఫోటో మా సైట్లోదే. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు."

ఇంజను మోతను మించి వార్డెన్ గొంతు వినిపించింది.

"మరి అక్కడ పెట్టిందెవరు?"

అక్క నా వైపు చూడడం లేదు.

"నేను," అన్నాను. "నేనేనండీ."