ఎర్రదీపం ఆరేదాకా

అన్యాయం జరిగింది ఎవరికి? మా వీధి చివర షెడ్డు నడుపుకునే మెకానిక్‌కు. చేసింది ఎవరు? నా సొంత తమ్ముడు. ఎలా? పదకొండేళ్ల క్రితం ఆయిల్ మార్పించుకున్న రోజునే వాడి కారు ఇంజన్ పాడైంది. "వీడు ఆయిల్ పొయ్యకుండానే పోశానన్నాడు" అని విడిభాగాల దుకాణం ముందు నలుగురూ వినేలా అరిచాడు. ఆ నలుగురూ నలభైమందికి చెప్పారు. ఏడాది తిరిగేసరికి ఆ షెడ్డుకు కార్లు రావడం మానేశాయి.

"ఆయిల్ పోశానమ్మగారూ. చేతులు కడుక్కొని వస్తాను, అందాకా స్టార్ట్ చెయ్యద్దన్నాను. సార్ వినలేదు" అని అతడు అప్పుడే నాతో చెప్పాడు. నేను నమ్మాను. తమ్ముడు మాత్రం దానిని దొంగ సాకని కొట్టిపారేశాడు.

ఈ ఏడు తమ్ముడికి మోకాలి ఆపరేషన్ కావడంతో కారు ఎనిమిది నెలలు కదలలేదు. దానిమీద ఆ మెకానిక్ చెయ్యే పడాలని పట్టుబట్టాను. అరవై ఏళ్లు వచ్చినా నాకు ఎదురుచెప్పే ధైర్యం మా తమ్ముడికి రాలేదు.

అతడు వచ్చి పాత ఆయిల్ దించి, కొత్త ఫిల్టర్ బిగించి, కొత్త ఆయిల్ పోశాడు. తమ్ముడు డ్రైవర్ సీట్లో కూర్చొని తాళంమీద చెయ్యి వేశాడు.

"ఆగండి సార్" అంటూ మెకానిక్ పెట్రోలు పంపు ఫ్యూజు పీకాడు.

"అదేంటి మేస్త్రీ, కారుకి ఉపవాసమా?"

"కాసేపే. ఇప్పుడు ఆయిలంతా కింద తొట్టిలోనే ఉంది, ఫిల్టర్ ఖాళీ. పైకి ఎక్కకముందే ఇంజన్ పరిగెత్తితే ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటాయి. పెట్రోలు అందదు కాబట్టి ఇంజన్ అంటుకోదు, ఊరికే తిప్పండి. ఆయిల్ పైకెక్కితే మీ ముందున్న ఆ ఎర్రదీపం ఆరాలి."

తమ్ముడు తాళం తిప్పాడు. ఇంజన్ మూలిగింది. అయిదు లెక్కపెట్టి ఆపమన్నాడు మెకానిక్. దీపం ఆరలేదు. రెండోసారీ ఆరలేదు. మూడోసారి ఆరింది.

తమ్ముడు తాళం వదిలి ఆరిన దీపం మీద వేలు పెట్టాడు.

"ఆ రోజు ఇది ఎర్రగా ఉండగానే యాక్సిలరేటర్ తొక్కేశానక్కా. పక్కన బావమరిది ఉన్నాడు, ఇంజన్ ఎలా ఉరుముతుందో వినిపిద్దామని."

"నాకెందుకు చెబుతావు?"

వాడు మెకానిక్ వైపు తిరిగాడు. "తప్పు నాదే మేస్త్రీ."

మెకానిక్ తల ఊపి ఫ్యూజు పెట్టాడు. ఇంజన్ మెత్తగా అందుకుంది.

"అయిపోయిందిగా" అన్నాడు తమ్ముడు.

"కాలేదు" అన్నాను. "నింద బజారులో వేసి, క్షమాపణ పెరట్లో చెబుతావా? పద."

మేం ముగ్గురం వెళ్లేసరికి విడిభాగాల దుకాణం ముందు ఏడుగురు వేరే మెకానిక్‌లు ఉన్నారు. తమ్ముడు చేతికర్ర ఆనించుకొని నిలబడ్డాడు.

"పదకొండేళ్ల కింద ఇక్కడే ఈయన్ని దొంగన్నాను. ఆయిల్ ఈయన పోశాడు. ఇంజన్ నేను చెడగొట్టుకున్నాను."

"ఇన్నాళ్లకు దిగొచ్చారా సార్!" అన్నాడు దుకాణదారు. అందరూ నవ్వారు.

"చాల్లెండి సార్" అన్నాడు మా మెకానిక్, తల దించుకొని.

"చాలదు" అన్నాను నేను.

తమ్ముడు గొంతు పెంచాడు. "ఆగమన్నాడు. నేను ఆగలేదు. అబద్ధం నాది. నన్ను క్షమించు మేస్త్రీ."

మెకానిక్ తల ఎత్తి అక్కడున్న ఏడుగురినీ ఒక్కొక్కరినే చూశాడు. ఆ తరువాత తమ్ముడి చెయ్యి అందుకున్నాడు. బాకీ పూర్తిగా తీరింది.